నీళ్లొచ్చేదాకా పాత చెక్కలు

ఆ పొద్దున ఆకాశం కురవాలా వద్దా అని తేల్చుకోలేక, పిండకుండా ఆరేసిన దుప్పటిలాగా బరువుగా కిందికి జారి ఉంది. పడమట, బెజవాడ వైపు మాత్రం అడుగున ఒక తెల్లటి చార. నీళ్లు ఆ చార కిందనుంచే రావాలి. బ్యారేజీ దగ్గర కాలవలకు వదిలారని, అన్నాల వేళకు మా లాకుల దాకా దిగుతాయని రామకోటేశ్వరరావు గారు ఫోను చేశారు. మా నీటి సంఘానికి ఆయన ప్రెసిడెంటు. "ఎలీషా, నీళ్లు దిగేలోపు ఆ కంప్యూటరు సంగతి తేల్చెయ్యవయ్యా. నీళ్లొచ్చాక రైతులంతా వంతులు చూసుకోడానికి ఫోన్లు పట్టుకుని దాని మీదే పడతారు. అప్పుడది మొరాయించిందనుకో, నన్ను ఆ కొత్తనీళ్లలోనే ముంచుతారు," అన్నారు. "అట్టాగేనండి," అన్నాను. నాకు అంతకంటే ఎక్కువ మాటలు రావు. మా ఇంట్లో మాటలన్నీ నాన్నవి.

గది తలుపు తీస్తే గ్రీజు వాసన. లాకుల పక్కన ఈ గదిలో ఒకప్పుడు నాన్న గొలుసులు, లాంతరు, గ్రీజు డబ్బాలు పెట్టుకునేవాడు. ఇప్పుడిది సంఘం ఆఫీసు. సున్నాలు ఎన్నిసార్లు వేసినా ఆ వాసన గోడల్లోంచి పోలేదు, మబ్బు పట్టినప్పుడల్లా పైకి లేస్తుంది. ఆ వాసనలోనే కూర్చుని నేను ఈ లినక్సు సర్వరును కాస్తున్నాను. నాన్నను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వసారాలో కుర్చీలో కూర్చోబెట్టాను. నాన్న పేరు యేసుపాదం. ఈ లాకుల మీద లస్కరుగా చేశాడు. షట్టర్లు ఎత్తడం, దించడం, ఏ కాలవకు ఎంత నీరు పోతోందో చూడటం లస్కరు పని. పని మానేసి చాలా ఏళ్లయింది గానీ, నీళ్లొచ్చే రోజున ఇంట్లో కూర్చోబెడితే కూర్చోడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పడిపోయాక కూడా కూర్చోడు. ఎండిన కాలవలోకి చూస్తూ ఎడమచేత్తో మోకాలు నిమురుకుంటున్నాడు. కాలవ అడుగున బురద పెచ్చులు పెచ్చులుగా లేచి, మధ్యలో ఎక్కడో మిగిలిన గుంటలో కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది. మా చిన్నప్పుడు కాలవలు కట్టేసిన ఎండాకాలంలో ఆ గుంటలే మాకు సంత. బుట్టలు బోర్లించి జెల్లలు, కొరమీనులు పట్టేవాళ్లం, అమ్మ వాటిని ఉప్పు పట్టించి చూరు కింద ఎండేసేది, ఆ ఎండుచేపల వాసనా గ్రీజు వాసనా కలిస్తే మా ఇల్లు. ఇప్పటికీ బెజవాడ బస్సులో ఎవరి సంచిలోంచైనా ఆ వాసన వస్తే తల తిప్పి చూస్తాను, అమ్మ ఎక్కిందేమోనని.

అడ్మిన్ పేజీ అంటాం మేము దాన్ని. సర్వరులో ఉన్న డేటాబేసును బ్రౌజరులో తెరిచి చూసుకునే పనిముట్టు. ఎవరి పొలం ఏ బోదె, అంటే ఏ పిల్లకాలవ కింద ఉంది, వంతు ఎప్పుడు, అన్నీ దాంట్లోంచే చూస్తాం, దిద్దుతాం. పెట్టినప్పటినుంచీ మార్చలేదు. ఈ మధ్య, వచ్చిపోయేవాళ్లను సర్వరు రాసిపెట్టే లాగ్ ఫైలు చూస్తే, ఊరూ పేరూ తెలియనివాళ్లు ఎక్కడెక్కడినుంచో వచ్చి ఆ పేజీ తలుపు తట్టి పోతున్నారు, తాళం పాతదని వాళ్లకు తెలిసిపోయినట్టుంది. నాన్న రోజుల్లో కూడా చీకట్లో వచ్చి షట్టరు కొంచెం ఎత్తుకుని నీళ్లు మళ్లించుకుపోయేవాళ్లుండేవారు. నాన్న మంచం మీదనుంచి లేవకుండానే, నీటి చప్పుడు మారిందంటే "ఎవర్రా అది, దించి పో," అనేవాడు, దించి పోయేవాళ్లు. ఈ దొంగలకు చప్పుడుండదు. అందుకని ఆ పేజీ తీసి కొత్తది పెట్టక తప్పదు. అయితే ఆ డేటాబేసులో వంతులతో పాటు ఇంకో పట్టిక ఉంది. దాని పేరు 'నాన్న మాటలు'.

అది రూతు పని. నా పెళ్లాం. నాన్న బాగున్న రోజుల్లో, మధ్యాహ్నాలు ఈ వసారాలోనే కాలవ కబుర్లు చెబుతూ ఉంటే, రూతు ఇదే కంప్యూటరు ముందు కూర్చుని ఆ పాత పేజీ తెరిచి టకటకా కొట్టేది. "మామయ్యా, మెల్లగా చెప్పండి, నా వేళ్లు మీ నోరంత జోరుగా లేవు," అనేది. "నీ వేళ్లు చింతపండు పిసకడానికైతే బాగానే ఆడతయ్యిగా," అనేవాడు నాన్న. ఫోను ముందు పెట్టి రికార్డు చేద్దామని నేనోసారి చూశాను. నాన్న ఫోను వంక చూసి, గొంతు సవరించుకుని, ప్రార్థన మొదలుపెట్టాడు. దాని ముందు ఆయనకు వేరే మాట వచ్చేది కాదు. అందుకని ఆయన గొంతు ఎక్కడా లేదు. ఉన్నవి ఆ పట్టికలో రూతు కొట్టిన మాటలే. ఏ వంతెన కింద సుడి ఉంటుంది, సరుకు పడవలు ఉయ్యూరు చెరుకు రోజుల్లో ఎట్లా బారులు తీరేవి, లాకు తలుపుల మధ్య గదిలో నీరు పైకి లేస్తుంటే పడవలో వాళ్లు అన్నం వండుకుంటూ వండుకుంటూ ఎట్లా గట్టు ఎత్తుకు వచ్చి మాతో మాట కలిపేవాళ్లు, కొత్తనీటి నురగ రంగు చూసి పైన ఎక్కడ వాన పడిందో ఎట్లా చెప్పొచ్చు. నాన్న నోట్లోంచి ఇప్పుడొచ్చేది ఒక్కటే శబ్దం, 'బ' కీ 'అ' కీ మధ్యది. ఆ పట్టిక పోతే నాన్న మాట ఈ భూమి మీద ఇంకెక్కడా ఉండదు. పొద్దున రూతు కాఫీ ఇస్తూ, "జాగ్రత్తండి," అని ఒక్కటే అంది.

ముందు డేటాబేసు మొత్తానికి కాపీ తీయమని కమాండు ఇచ్చాను. నల్లటి తెర మీద తెల్లటి గీత ఒకటి కొట్టుకుంటూ నిలబడింది. అది అట్లా కొట్టుకుంటున్నంతసేపూ మనిషి చెయ్యగలిగింది ఏమీ ఉండదు. షట్టరు మార్చే ముందు నాన్న కూడా ఇట్లాగే నిలబడేవాడు. ముందు పైన మట్టికట్ట వేయించి, కట్ట ఊరుతోందేమోనని చూస్తూ, బీడీ అయినా ముట్టించకుండా. కట్ట నిలిచిందని నమ్మకం కుదిరాకే తలుపు మీద చెయ్యి వేసేవాడు. అప్పట్లో షట్టర్లు చెక్కవి. టేకు చెక్కలు, గాడిలో ఒకదాని మీద ఒకటి దిగేవి. తడిసి తడిసి నల్లబడి, చెయ్యి పెడితే చేప వీపులాగా నున్నగా ఉండేవి. కొత్తవి వచ్చినా పాతవి పారేసేవాడు కాదు. నీళ్లొచ్చి, కొత్త చెక్కలు నిండు కాలవను ఆపి చూపించేదాకా పాత చెక్కలు మా ఇంటి చూరు మీదే. అమ్మ వాటి కింద వంగి వంగి నడిచేది. "ఈ చెక్కలకున్న మర్యాద నాకు లేదు ఈ ఇంట్లో," అనేది. "నువ్వు పాతబడలేదుగా," అనేవాడు నాన్న. అమ్మ చీర కొంగు నోట్లో పెట్టుకుని నవ్వేది.

ఆ అలవాటు నాన్నకు ఊరకే రాలేదు. దావీదు బాబాయి పెళ్లి సంగతి అది, నేనింకా పుట్టలేదు. కానీ రూతు కొట్టింది చదివి చదివి ఆ పెళ్లిలో నేనూ బంతిలో కూర్చున్నట్టే ఉంటుంది. కొత్త చెక్కలొచ్చిన సంబరంలో నాన్న పాత చెక్కలన్నీ చీల్చి తమ్ముడి పెళ్లి వంటకు పొయ్యిలో పెట్టించాడట. తాళి కట్టడం అయింది, పాస్టరు గారు దీవెన చెబుతున్నారు, కాలవకు నీళ్లొచ్చాయి. కొత్త చెక్క నీరు తాగి ఉబ్బింది. గాడిలోకి దిగనంది. కింద నారుమళ్లు, నీరు ఆపకపోతే మునిగిపోతాయి. నాన్న పెళ్లి పంచెతోనే షట్టరు మీదెక్కి గెంతాడు, దిగలేదు. పెళ్లివారంతా పరిగెత్తుకొచ్చారు. పందిట్లో నులకమంచాలు, వరిగడ్డి మోపులు తెచ్చి అడ్డం వేశారు, ఆ మంచాలు కొట్టుకుపోకుండా మెడలోతు నీళ్లలో నిలబడి పట్టుకున్నది ఎవరంటే పెళ్లికొడుకు. మెడలో పూలదండ నీటి మీద తేలుతూ ఉందట. గట్టున పడవ సరంగు ఒకడు, "యేసుపాదం, అన్నం బాగా ఉడికిందిలేవయ్యా, ఇక నువ్వు దిగి తలుపుకడ్డంగా పడుకో!" అన్నాడట. వడ్రంగి వచ్చి చెక్క అంచులు చిత్రిక పట్టేదాకా పెళ్లికూతురు గట్టున కూర్చుని ఏడవాలో నవ్వాలో తెలియక అందరికీ తమలపాకులు చుట్టి ఇచ్చిందట. నాన్న ఈ కథ చెప్పిన ప్రతిసారీ చివర ఒకటే అనేవాడు, "కొత్తది చెడ్డదని కాదమ్మా. దానికి ఇంకా నీళ్లు తెలవవు."

తెల్లగీత ఆగింది. కాపీ వచ్చింది. పెన్‌డ్రైవులో ఒకటి వేసి జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాత పాత పేజీ ఉన్న ఫోల్డరును చెరపకుండా పేరు మార్చి, చివర 'పాత' అని తగిలించి, బయటినుంచి దానికి దారి మూసేశాను. చూరు మీదికెక్కించినట్టే. దాని చోట కొత్త పేజీని దించి, పాత సెట్టింగుల ఫైలు తెచ్చి అందులో పెట్టి, బ్రౌజరు తెరిచాను. లోపలికి రానిచ్చింది. వంతుల పట్టిక నొక్కితే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన రైతుల పేర్లు, బోదెలు, తారీఖులు అన్నీ ఎక్కడివక్కడ. అప్పుడు 'నాన్న మాటలు' నొక్కాను.

తెలుగు లేదు. ఒక్క అక్షరం లేదు. నెత్తిన టోపీలు, కింద తోకలు తగిలించుకున్న ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య సున్నాలు, చుక్కలు, చీమలు పట్టిన బెల్లంలాగా తెర నిండా. కిందికి జరిపాను, అదే. ఇంకా కిందికి, అదే. పడవలూ అంతే, నురగా అంతే, దావీదు బాబాయి పెళ్లీ అంతే. జేబులోంచి పెన్‌డ్రైవు తీసి, తీసిన కాపీని పక్కన ఒక ఖాళీ డేటాబేసులో పోసి చూశాను. అందులోనూ అదే. కట్ట వేశాననుకున్నాను, కట్టే ఊరిపోయిందా. వసారాలోంచి నాన్న కుర్చీ కిర్రుమంది.

ఉయ్యూరులో ఆస్పత్రి మంచం మీద మొదటిసారి నాన్న నోరు తెరిచినప్పుడు కూడా ఇట్లాగే అయింది. ఏదో చెబుతున్నాడు. కళ్లు మామూలుగానే ఉన్నాయి, ఎప్పట్లాగే ఒకదాని వెంట ఒకటి మాట వస్తున్నట్టే కనుబొమలు ఆడుతున్నాయి, నోట్లోంచి మాత్రం 'బ'లూ 'అ'లూ. నేను డాక్టరు వంక చూశాను. డాక్టరు తలపోటు మాత్ర గురించి నర్సుకు చెబుతున్నాడు. రూతు మాత్రం మంచం అంచున కూర్చుని, నాన్న ఎడమచెయ్యి మెల్లగా పైకీ కిందికీ ఆడటం చూసి, "షట్టరు దించారులే మామయ్యా, ఈయన దించి తాళం వేసే వచ్చారు," అంది. నాన్న కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు నిజంగానే నేను దించుతున్న షట్టరును సగంలో వదిలేసి ఆయన్ని ఆటోలో వేసుకొచ్చాం. అది నేను మరిచిపోయాను, ఆయన మరిచిపోలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, చెరుకు ట్రాక్టర్లు పోతుంటే చూస్తూ, లోపల అంతా అట్లాగే ఉంది, లోపల అంతా అట్లాగే ఉంది అని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఫోను మోగింది. రామకోటేశ్వరరావు గారు. "వంతులు కనపడుతున్నయ్యయ్యా నా ఫోనులో. శభాష్. ఇక దాన్ని ముట్టుకోకు, నీళ్లు వంతెన దాటినయ్యంట," అన్నారు. "ఇంకో పట్టిక ఉందండి," అన్నాను. "అదేంటి?" "నాన్నదండి." ప్రెసిడెంటు గారి తండ్రి చల్లపల్లి నుంచి వడ్ల పడవలో వచ్చి ఈ లాకుల దగ్గర నాన్నతో పొత్తున అన్నం తిన్న సంగతి కూడా ఆ పట్టికలోనే ఉంది. "సరే కానీ, చూసుకో. ఎవరన్నా అడిగితే నేను చెప్పుకుంటాలే," అని పెట్టేశారు.

చెయ్యి మౌసు మీద ఉంది. తెర మీద ఒక బటను, అక్షరాలను మార్చి రాయమంటావా అని. నొక్కితే బాగుపడొచ్చు. బాగుపడకపోతే ఆ టోపీలు తోకలే శాశ్వతంగా రాసుకుపోతాయి. నీళ్లొస్తున్నాయి కదా అని ఉబ్బిన చెక్క మీద గెంతితే గాడి చీలిపోతుంది. మౌసు మీదనుంచి చెయ్యి తీసేసి, లేచి వెళ్లి కుండలో నీళ్లు తాగి, వసారాలో నాన్న పక్కన నిలబడ్డాను. కొంగ ఎగిరిపోయింది. గట్టున కనకలక్ష్మి గారింటి ఆడవాళ్లు కొత్తనీటికి వెయ్యడానికి పసుపు, కుంకుమ, గాజులు పళ్లెంలో పెట్టుకుని ముందే వచ్చి కూర్చున్నారు. నాన్న నా వంక చూశాడు. ఆ చూపు తెలుసు నాకు. పాత చెక్కలు ఏవి అని అడిగేటప్పటి చూపు.

లోపలికి వెళ్లి కొత్త పేజీని పక్కకు జరిపి, పాత ఫోల్డరును చూరు మీదనుంచి దించాను, నా కంప్యూటరుకు తప్ప ఎవరికీ కనపడకుండా. పట్టిక నొక్కాను. 'నురగ ఎర్రగా ఉంటే పైన వాన. తెల్లగా ఉంటే బ్యారేజీ తలుపుల నురగే, దానికేం భయం లేదమ్మా.' తెలుగు. రూతు కొట్టిన తెలుగు, తొందరలో దీర్ఘాలు ఎగిరిపోయిన చోట అట్లాగే ఎగిరిపోయి. లోపల అంతా అట్లాగే ఉంది. అయితే పాత తలుపులో ఏదో ఉంది, కొత్తదాంట్లో లేనిది. ఫోల్డరులో ఫైళ్లను తేదీల వరసన పేర్చాను. అన్నీ ఒకే తేదీవి, ఒకటి తప్ప. అది తెరిస్తే మధ్యలో రెండు వరసలు, వాటి పైన నా రాత, ఇక్కడ రాస్తేనే తెలుగు వచ్చింది అని. గుర్తొచ్చింది. రూతు కొట్టడం మొదలుపెట్టిన రోజు తెలుగు కనపడటం లేదని, గవర్నరుపేటలో నాకు కంప్యూటరు నేర్పిన జయకృష్ణ గారికి ఫోను చేశాను. ఆయన చెబుతుంటే రాసుకుంటూ ఈ వరసలు ఇరికించాను, సెట్టింగుల ఫైల్లో కాకుండా పేజీ కడుపులోనే. అప్పట్నించీ మాటలు ఆ గాడిలోనే దిగాయి, ఆ గాడిలోనే పైకి వచ్చాయి. అందుకే సెట్టింగులు మోసుకొచ్చినా గాడి రాలేదు. ఆ రోజు ఫోనులో ఆయన వెనకాల ఏలూరు రోడ్డు హారన్లు, నా వెనకాల నాన్న కబుర్లు. "ఎవరండీ ఆ పెద్దాయన, రేడియోనా?" అని అడిగారు జయకృష్ణ గారు.

ఇక తొందర లేదు. పట్టికను ముట్టుకోలేదు. పక్కన కొత్త పట్టిక ఒకటి తెరిచి, మాటలను పాత గాడిలోంచి పైకి తీసి, ఇప్పటి పద్ధతిలో అందులోకి దించమని రాసి, ముందు ఒక్క మాటతో చేసి చూశాను. దిగింది. అప్పుడు మిగతావి వదిలాను. కొత్త పేజీని మళ్లీ దాని చోట నిలబెట్టి, తెరిచి, నొక్కాను. తెర నిండా నాన్న. పాత ఫోల్డరును తీసెయ్యలేదు, దారి మూసి మళ్లీ చూరు మీద పెట్టాను. ఈ సాగు అయ్యేదాకా అక్కడే ఉంటుంది.

నాన్నను లోపలికి తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టాను. ఆయన చదివింది మా ఊరి మిషను బడిలో మూడో తరగతి. ఎడమచేతి వేలు తెర మీద పెట్టి, అక్షరం అక్షరానికీ ఆగుతూ జరిపాడు. దావీదు బాబాయి పెళ్లి దగ్గర వేలు ఆగింది. భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో వెనకనుంచి తెలియలేదు, వంగి చూస్తే నవ్వే. సరిగ్గా అప్పుడే రూతు క్యారేజీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది, చెమటతో, చెప్పులు చేత్తో పట్టుకుని. తెర వంక చూసింది. "తరవాత చదివిద్దురులేండి, నీళ్లొచ్చేశాయి," అని, ముఖం తుడుచుకునే వంకతో కొంగు కళ్లకద్దుకుంది.

వసారాలోకి వచ్చేసరికి కాలవ వంపులో నీరు కనపడింది. ముందు ఎండుటాకులు, ప్లాస్టిక్ సీసాలు, గుర్రపుడెక్క, వాటిని తోసుకుంటూ నురగ. తెల్లటి నురగ. ఆడవాళ్లు పసుపు కుంకుమ వదిలారు. నీరు వచ్చి ఇనుప షట్టరుకు తగిలి, వెనక్కి ఒకసారి ఊగి, నిలబడి పైకి లేవడం మొదలుపెట్టింది. రూతు చాప పరిచి కంచాలు పెట్టింది. పప్పుచారు, ఎండుచేపల వేపుడు. మా ఇంట్లో నీళ్లొచ్చే రోజు అన్నం ఇదే, ఇక్కడే, లాకుల పక్కనే. ఆ అన్నం దగ్గర ఎవరూ మాట్లాడకూడదని అమ్మ మాకు చిన్నప్పుడే నేర్పింది. నిండుతున్న నీరు తలుపు మీద ఆనుకునే చప్పుడు నాన్నకు వినపడాలి, ఎక్కడ కారుతోందో, ఎక్కడ పట్టేసిందో ఆయన చెవితో చూసేది ఆ కాసేపే. లోకంలో అన్ని కబుర్లు చెప్పే మనిషి ఆ ఒక్క పూట నోరు మూసుకునేవాడు, ఆయనతో పాటు మేమూ.

రూతు నాన్న కంచంలో చేప ముళ్లు తీసి అన్నం కలిపింది. నేనేదో అనబోయాను, చేప బాగుందనో, ఉప్పు సరిపోయిందనో. నాన్న ఎడమచేతి వేలు ఎత్తాడు. ఆగాను. ముగ్గురం తల వంచి, నీటి చప్పుడు వింటూ, అన్నం తిన్నాం.